వెనక్కి తిరిగిన సీటు

నా చిన్నప్పుడు మేం ఉండే చోట, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళని ఏ జిల్లా అని అడిగేకంటే ముందు ఏ కంపెనీ అని అడిగేవారు. డెట్రాయిట్ పక్కన ఒక సబర్బ్ అది. ఎనభైల మొదటి రోజులు. మా నాన్నలాంటి ఇంజనీర్లు చాలామంది ఏదో ఒక కార్ల కంపెనీలో పనిచేసేవారు. ఏ కంపెనీ ఉప్పు తింటే ఆ కంపెనీ కారే కొనేవారు. పొరపాటున అవతలి కంపెనీ కారు వేసుకుని ఆఫీసుకి వెళ్తే, దాన్ని ఎక్కడో చివర, మిగతా కార్లకి దూరంగా ఉన్న పార్కింగ్ లాట్‌లో పెట్టుకోవాలి. అక్కణ్ణించి మంచులో నడిచి రావడం కాళ్ళకి కష్టం, పరువుకి ఇంకా కష్టం అనేవాడు నాన్న.

శనివారం సాయంత్రం ఎవరింట్లోనైనా భోజనాలకి కలిస్తే ఆడవాళ్ళు వంటింట్లోకి, మగవాళ్ళు ఇంటి ముందు కార్లు పెట్టుకునే డ్రైవ్‌వేలోకి చేరేవారు. ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ లాగా రెండు కంపెనీలవాళ్ళూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి కారు ఇంజను మీది హుడ్ ఒకరు ఎత్తి వంకలు పెట్టేవారు. ముక్కు పొడుగైందని ఒకరు, వెనక లైట్లు పొట్లకాయ ముక్కల్లా ఉన్నాయని ఇంకొకరు. నేను ఆడపిల్లనే అయినా నా చోటు డ్రైవ్‌వేలోనే. మసక చీకట్లో దూరంగా హెడ్‌లైట్లు కనబడగానే అంకుల్స్ మాటలు ఆపి నావైపు చూసేవారు. అది ఏ కారో, కమారో, కట్లస్, మాంటే కార్లో అని టకటకా చెప్పేదాన్ని. తప్పేదాన్ని కాదు. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చిందని గట్టి నమ్మకం.

అంత విద్య ఉన్న నాకు రాసిపెట్టిన కారు మాత్రం వాగన్. కాప్రిస్ వాగన్. బీరువాని పడుకోబెట్టి చక్రాలు తగిలించినట్టుండేది. పక్కలకి చెక్కలా కనబడే స్టిక్కరు అతికించి ఉండేది. అది చెక్క కాదని అందరికీ తెలుసు, అయినా ఎందుకు అతికిస్తారో ఎవరికీ తెలీదు. అన్నిటికన్నా అన్యాయం నా సీటు. డిక్కీ ఉండాల్సిన చోట, వెనక అద్దానికి ఎదురుగా, వెనక్కి తిరిగి ఉండేది. అందులో కూర్చుంటే వెళ్ళబోయే దారి కనబడదు, వదిలేసి వచ్చిన దారే కనబడుతుంది. ఒకటో క్లాసు నుంచీ నా ప్రయాణాలన్నీ అలా వెనక్కి వెనక్కే జరిగాయి.

ఒక ఏడాది మంచు కరగగానే అవతలి కంపెనీ అంకుల్ ఒకాయన కొత్త ముస్టాంగ్ కొన్నాడు. రెండే తలుపులు, ఎర్రటి ఎరుపు. పిల్లలందరం ఆయన్ని ముస్టాంగ్ అంకుల్ అనీ, వాళ్ళావిణ్ణి ముస్టాంగ్ ఆంటీ అనీ పిలవడం మొదలుపెట్టాం. కారు పూజకి అందరం వెళ్ళాం. ఎర్ర కారు మీద కుంకుమ కనబడదని ఆంటీ పసుపుతో స్వస్తిక్ వేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు బంపర్ కింద నిమ్మకాయా మిరపకాయలూ దండ కట్టి వేలాడదీసింది, దిష్టి తగలకుండా. పక్కింటి అమెరికన్ ముసలాయన వచ్చి, ఇదేమైనా వంటకమా అని అడిగి వెళ్ళాడు.

వాళ్ళకో అమ్మాయి. నా ఈడుదే, నా క్లాసే. ఆ పిల్ల రోజూ స్కూలు దగ్గర ముస్టాంగ్ ముందు సీట్లోంచి దిగేది. జుట్టు సర్దుకుంటూ, తలుపు మెల్లిగా వేసి, వెనక్కి కూడా చూడకుండా నడిచి వెళ్ళేది. నాకు ఒళ్ళు మండిపోయేది. అది లెక్కల్లో నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా నేనెప్పుడూ ఏడవలేదు. దానికి కమారోకీ కట్లస్‌కీ తేడా తెలీదు. ఏమీ తెలియని మొహానికి ముస్టాంగ్, అన్నీ తెలిసిన నాకు బీరువా! అన్నం కూడా సయించేది కాదు. కళ్ళు మూసుకుంటే ఆ ఎరుపే కనబడేది.

మా నాన్న నాకు తీసిపోలేదు. ఆయన ఉద్యోగం కారు తలుపుల హింజ్‌లు, అంటే మడతబందులు, డిజైన్ చేయడం. ఏ కారు కనబడినా తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు చెవులారా విని తీర్పు చెప్పేవాడు. అందరి ముందూ ముస్టాంగ్‌ని ఏకిపారేసేవాడు. "దీని డిక్కీలో కొబ్బరికాయ పెడితే మూత పడదు, బావగారూ!" అనేవాడు. కానీ ఒక శనివారం అంకుల్ కాఫీకి లోపలికి వెళ్ళగానే, నాన్న ఆ కారు పక్కనే నడుస్తూ దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర్నించి ఆ చివరిదాకా మెల్లిగా రాశాడు. తల తిప్పితే నేను కనబడ్డాను. "దుమ్ము పట్టింది" అన్నాడు.

ఇంక ఇద్దరం ఒకే ఏడుపు ఏడుస్తున్నామని తెలిశాక పని తేలికైపోయింది. నేను రోజూ నస పెట్టాను. నాన్న పైకి విసుక్కుంటూ లోపల మెత్తబడ్డాడు. అవతలి కంపెనీ కారు కొనడానికి వీల్లేదు కాబట్టి, వాగన్ ఇచ్చేసి మా కంపెనీవాళ్ళ కమారో తీసుకుందామని తేల్చాడు. ఆదివారం సరస్సు దగ్గర తెలుగువాళ్ళ పిక్నిక్ ఉంది. సోమవారం డీలర్ దగ్గరికి వాగన్ తీసుకెళ్ళడం ఖాయమైంది. ఇండియా నుంచి ఎవరైనా వస్తే సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుంటారా అని అమ్మ ఒక్క మాట అంది. ఆ మాట మా ఇద్దరి చెవుల్లోకీ ఎక్కలేదు.

ఆదివారం పొద్దున్నే ముస్టాంగ్ ఆంటీ మా ఇంటికి వచ్చింది, చేతిలో తాళంతో. "అన్నయ్యగారూ, పులిహోర గుండిగ మా బండిలో పట్టట్లేదు. పిల్లల్ని కూడా ఎక్కించుకోవాలి. మీ వాగన్ మాకివ్వండి, మా బండి మీరు డ్రైవ్ చేసుకుంటూ రండి" అంది. నాన్న కాసేపు మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం ఆయన చెయ్యిదాకా రాలేదు, చెయ్యి అప్పటికే తాళం అందుకుంది. నాకైతే దేవుడు దిగి వచ్చినట్టే ఉంది. పరుగెత్తుకెళ్ళి ముందు తలుపు తీశాను. ఆ సీట్లో అమ్మ కూర్చుంటుందని అప్పుడు గానీ గుర్తు రాలేదు, వెనక సీట్లోకి దూరాను.

నాన్న తలుపు రెండుసార్లు వేసి విని, ఈసారి తీర్పు చెప్పకుండా బండి స్టార్ట్ చేశాడు. అది గేర్ల బండి. అంతవరకూ ఆటోమేటిక్ తప్ప నడపని మనిషి కావడంతో, మొదటి స్టాప్ సైన్ దగ్గరే బండి ఆగిపోయింది. రెండోదాని దగ్గరా ఆగింది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే కార్ల ఇంజనీరైన మా నాన్న చెవులు ఎర్రబడ్డాయి. హైవే ఎక్కాక మాత్రం బండి చక్కగా సాగింది. నాన్న భుజాలు వదులయ్యాయి. అమ్మ కూడా కిటికీ దించి చెయ్యి బయట పెట్టింది.

నేను మాత్రం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ముందు సీటు వీపు చూస్తూ కూర్చున్నాను. పక్కన అరచెయ్యంత కిటికీ, అది తెరుచుకోదు. ముస్టాంగ్‌లో కూర్చుంటే ముస్టాంగ్ కనబడదన్న సంగతి నాకు అంతకుముందు తట్టలేదు. మెడ సాచి రెండు సీట్ల సందులోంచి చూశాను. మాకు ముందు మా వాగన్ వెళ్తోంది. దాని వెనక అద్దంలో, నా సీట్లో, నాకు ఎదురుగా ఆ పిల్ల కూర్చుని ఉంది. దాని పక్కనా, వెనకా ఇంకో నలుగురు పిల్లలు.

అలా ఆ దారంతా మేమిద్దరం ఎదురెదురుగా ప్రయాణం చేశాం. పక్క లేన్‌లో పెద్ద ట్రక్ వస్తే వాళ్ళందరూ చేతులెత్తి తాడు లాగినట్టు సైగ చేశారు. ట్రక్ డ్రైవర్ బూమ్మని హారన్ కొట్టాడు. వాళ్ళు పడి పడి నవ్వారు. ఆ సైగ వాళ్ళకి నేర్పింది నేను! నేనూ చెయ్యి ఎత్తాను. ఆ చిన్న కిటికీలోంచి నా చెయ్యి ఎవరికి కనబడుతుంది? ఆ పిల్ల వేలు చూపిస్తూ మా వెనక వచ్చే కార్ల పేర్లు పక్కవాళ్ళకి ఏవో చెబుతోంది. అన్నీ తప్పులే చెబుతూ ఉంటుందని నాకు తెలుసు. అప్పుడు తట్టింది. అందరూ ముందు కారు వీపు చూస్తూ వెళ్తారు. కార్ల మొహాలు కనబడేది ఒక్క ఆ సీట్లోంచే. నా విద్య పుట్టుకతో వచ్చింది కాదు. ఆ సీటు పెట్టిన భిక్ష.

అంతవరకూ నేను పడిన అసూయ అంతా ఒక ఎత్తు, ఆ క్షణంలో పడింది ఒక ఎత్తు. మా కారు మీద, నా సీటు మీద నాకు కళ్ళు కుట్టాయి. మర్నాడు ఆ సీటు డీలర్ పాలవుతుందని గుర్తొచ్చి ముస్టాంగ్‌లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ వెనక్కి తిరిగి చూసి, చేతిరుమాలు అందించింది.

సరస్సు దగ్గర దిగగానే నాన్న చెయ్యి పట్టుకుని వాగన్ ఇవ్వొద్దన్నాను. ఆయన బిత్తరపోయాడు. అక్కడ ఆ పిల్ల వాగన్ దిగనని మొండికేస్తోంది, వాళ్ళ నాన్న బతిమాలుతున్నాడు. ఆంటీ మాత్రం తాపీగా పులిహోర పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చి గడ్డి మీద కూర్చుంది. కారు కొన్నప్పట్నించీ వాళ్ళమ్మాయి నా సీటు కోసం ఏడుస్తూనే ఉందట. ఒంటరిగా ముందు సీట్లో కూర్చోలేను, నాకూ పిల్లలెక్కే బండి కావాలని రోజూ గోలట. స్కూలు ముందు వెనక్కి చూడకుండా నడిచిపోవడం పొగరు కాదు. వెనకాల మా వాగన్ నిలబడి ఉంటుంది, చూస్తే ఏడుపొస్తుందని. పులిహోర గుండిగకి వేరే బండి ఎప్పుడో సిద్ధంగా ఉందట.

"కొన్న రోజే నీ కళ్ళు చూశానమ్మా" అంది ఆంటీ. "మన బండి మీద ఎవరి కళ్ళైనా పడితే నిమ్మకాయలు కట్టి లాభం లేదు. వాళ్ళని లోపల కూర్చోబెట్టాలి. దానికి మించిన దిష్టి తీయడం లేదు."

నాన్న తాళం తిరిగి ఇస్తూ, రెండు కంపెనీలవాళ్ళూ వింటుండగా, బండి బావుంది బావగారూ అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. తలుపు మాత్రం మాదే నయం అని చేర్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సోమవారం వాగన్ డీలర్ దగ్గరికి పోకుండా ఎప్పటిలాగే నాన్నతో ఆఫీసుకి వెళ్ళి వచ్చింది. మా అసూయలు అంతటితో పోయాయని చెప్పను. నాన్న ఆ తర్వాత కూడా ముస్టాంగ్ మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. కాకపోతే అంకుల్ అప్పట్నించీ కాఫీకి వెళ్తూ తాళం ఆయన మీదకి విసిరేవాడు. ఆ పిల్లా నేనూ శనివారాలు ఆ వెనక సీటుకి వంతులేసుకున్నాం. దానికి కార్ల మొహాలు నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు నా దగ్గర అలాంటి పాత వాగనే ఒకటి ఉంది. వెతికి వెతికి కొన్నాను, ఊడిపోయిన చెక్క స్టిక్కరు కూడా మళ్ళీ వేయించాను. పాత కార్లు ప్రదర్శించే చోటికి తీసుకెళ్తే పెద్దవాళ్ళందరూ పక్కనున్న ముస్టాంగ్‌ల చుట్టూ మూగుతారు. నాకు ఇప్పటికీ కొంచెం కళ్ళు కుడతాయి. కానీ ఎప్పుడూ ఒక పిల్లో పిల్లాడో నా కారు వెనక అద్దానికి ముక్కు ఆనించి ఆ సీటుని చూస్తూ నిలబడతారు. వాళ్ళ అమ్మనో నాన్ననో అడిగి, వెనక తలుపు తెరిచి, ఒక రౌండు వేద్దాం ఎక్కమంటాను. వాళ్ళు ఎక్కి, నా సీట్లో కూర్చుని, కాళ్ళు చాపుకుంటారు. ఒక్క క్షణం నా కడుపు మండుతుంది. అప్పుడు తాళం తిప్పుతాను.