మూసిన లైబ్రరీలో మాస్టారి గొంతు

దెయ్యాల మాటెత్తితే నవ్వేసేదాన్ని. తణుకు దగ్గర మా ఊళ్ళో మాకు బట్టల కొట్టుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని, లేనివాటిని తలుచుకుని భయపడే తీరిక నాకెక్కడిది? ఇప్పుడు కూడా భయపడి రాయడం లేదు. సిగ్గుపడి రాస్తున్నాను.

మా ఊరి లైబ్రరీలో లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ పోస్టులో ఇంకెవర్నీ వెయ్యలేదు. మూసెయ్యడం ఎందుకు, ఊరివాళ్ళే నడుపుకోండి అని పైవాళ్ళు తాళంచెవులు మా చేతిలో పెట్టారు. మేమంటే నేను, ఒక కాలేజీ లెక్చరరు గారు, బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఇంకొందరు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మా ఫొటోలతో ఫ్లెక్సీ కూడా కట్టించుకున్నాం. లైబ్రరీని బాగుచెయ్యాలన్న ఉత్సాహం మాకు నిజంగానే ఉండేది.

ఎవరి ఉద్యోగాలూ వ్యాపారాలూ వాళ్ళకున్నాయి కాబట్టి సాయంత్రాలు మాత్రమే తెరవాలనుకున్నాం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ప్రశాంతంగా కూర్చోవాలని గోడకు 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు తగిలించాం.

ఆ నిశ్శబ్దానికి అడ్డం ఏసుపాదం మాస్టారు. లూథరన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. లైబ్రేరియన్ ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం పొలం పని దిగిన ఆడవాళ్ళు ఇంటికి వెళ్తూ లైబ్రరీ అరుగు మీద కాసేపు కూర్చునేవారు. వాళ్ళకు చదువు రాదు. మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని వాళ్ళకు పేపరు పైకి చదివేవారు. ముందు ఊరి పేరు చెప్పి, కాస్త ఆగి, అప్పుడు వార్త మొదలుపెట్టేవారు. చివర్న "ఇవాళ్టికి ఇంతే సంగతులు" అంటేగానీ ఒక్కరూ లేచేవారు కాదు.

మేం వచ్చాక పాపం వాళ్ళు కూడా సాయంత్రానికి మార్చుకున్నారు. పిల్లలు విసుక్కున్నారు. మాస్టారికి చెప్పే పని కమిటీ నా మీద పెట్టింది.

"మనసులో చదువుకోండి మాస్టారూ" అన్నాను.

"అలాగేనమ్మా" అని ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన వెనకే ఆడవాళ్ళూ లేచారు. మళ్ళీ ఎవరూ రాలేదు. వానాకాలంలో మాస్టారు పోయారు. కమిటీ పేరు మీద పూలదండ తీసుకెళ్ళి వేసొచ్చాం.

రెండో పంటకి దాళ్వా ఊడ్పులు జరుగుతున్న రోజులు. లైబ్రరీ పేపరు పొద్దున్నే మా కొట్లో వేస్తారు, సాయంత్రం తెరిచేవాళ్ళు తీసుకెళ్తారు. ఆ సాయంత్రం నేను పెళ్ళికి వెళ్ళాలి. అందుకని భోజనం అయ్యాక పేపరు లోపల పెట్టొద్దామని మిట్టమధ్యాహ్నం బయల్దేరాను. పొద్దున్నుంచీ బేరాలతో ఆ పేపరు మడత కూడా విప్పలేదు.

అరుగు మీద ఆ ఆడవాళ్ళే గోడకానుకుని కూర్చుని ఉన్నారు, గుమ్మం పక్కనే చంద్రమ్మ. కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. లోపల్నుంచి మగగొంతు వినిపిస్తోంది.

"రావులపాలెం" అంది ఆ గొంతు. కాస్త ఆగింది. అరటి గెలల ధర పడిపోయిందనీ, కోత కూలి కూడా రాక రైతులు గెలలు తోటల్లోనే వదిలేస్తున్నారనీ చదివింది.

అది మాస్టారి గొంతే. తలుపుకి తాళం వేసే ఉంది. రెండో తాళంచెవి లెక్చరరు గారిది, ఆయన ఆ రోజు ఊళ్ళో లేరు.

నాకు భయం కలగలేదు, కోపం వచ్చింది. మాస్టారు బతికున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని, నన్ను ఎత్తిపొడవడానికి ఇక్కడ పెట్టుకుని వింటున్నారనుకున్నాను.

"ఏంటిది చంద్రమ్మా? సంచులు చూపించండి" అన్నాను. కొట్లో పనిచేసే అమ్మాయిల సంచులు రోజూ ఇంటికెళ్ళేముందు చూడటం నాకు అలవాటు. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

చంద్రమ్మ నా కళ్ళలోకి చూసి, సంచి అరుగు మీద బోర్లించింది. అన్నం గిన్నె, తడి తువ్వాలు, వక్కపొడి పొట్లం. తక్కినవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు బోర్లించారు. ఒకామె దగ్గర బటన్ల ఫోన్ ఉంది, అదీ ఆఫ్‌లో ఉంది. నేను ఆ గిన్నెలన్నీ చూస్తున్నంతసేపూ లోపల ఆ గొంతు చదువుతూనే ఉంది.

తాళం తీశాను. వాక్యం మధ్యలో గొంతు ఆగిపోయింది.

లోపల ఎవరూ లేరు. కిటికీలు గడియ వేసినవి వేసినట్టే ఉన్నాయి. వెనకవైపు తలుపే లేదు. ముందురోజు మేం బల్లల మీద బోర్లించిన కుర్చీలు అలాగే ఉన్నాయి. చేతిలో పేపరు విప్పి జిల్లా పేజీ చూశాను. రావులపాలెం అరటి గెలల వార్త అక్కడుంది. నేను విన్న మాటలే. ఆ పేపరు ఊళ్ళో ఇంకా కొన్ని ఇళ్ళకు వస్తుంది, ఎవరైనా చదివుండొచ్చు. మరి చదివిన మనిషి ఎక్కడ?

బయటికొచ్చాను. ఏం చెయ్యాలో తోచక, కూర్చోండి, మిగతాది నేను చదువుతానన్నాను.

చంద్రమ్మ గిన్నె సంచిలో పెట్టుకుంటూ, "మాస్టారింకా ముగించలేదండి. మీరు తలుపు తీసేసేరు" అంది. గొంతులో కోపం కూడా లేదు. అందరూ లేచి వెళ్ళిపోయారు. నేలలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

గ్రూపులో ఈ సంగతి పెడితే ఒకరు నవ్వుతున్న బొమ్మ పెట్టారు, ఇంకొకరు సీసీ కెమెరా పెట్టిద్దామన్నారు. సంచుల మాట మాత్రం నేను రాయలేదు. మర్నాడు నా చేత్తోనే ఆ బోర్డు పీకేశాను. రోజూ మధ్యాహ్నం తలుపులు బార్లా తీసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆడవాళ్ళు లైబ్రరీ ముందునుంచే వెళ్ళేవారు. పిలిస్తే "వస్తామండి" అనేవారు, మర్యాదగానే. ఒక్కరూ మెట్టెక్కలేదు.

విసిగిపోయి ఒకరోజు తెరవలేదు. కొట్టునుంచి ఇంటికెళ్తూ సందు మొగలో ఆగి చూస్తే, అరుగు నిండా కూర్చుని ఉన్నారు.

అప్పట్నుంచీ మధ్యాహ్నం లైబ్రరీ మూసే ఉంచుతున్నాను. తెరిస్తే రారు, మూస్తే వస్తారు. సందు మొగనుంచి చూస్తే అందరూ ఒక్కసారే తలలూపడం, ఒక్కోసారి నవ్వుకోవడం కనిపిస్తుంది. లోపల ఏం జరుగుతోందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నాలుగడుగులు ముందుకేస్తే నాకూ వినిపిస్తుందేమో. వెయ్యడానికి మొహం చెల్లడం లేదు.