నిప్పుల మీద నిలబడ్డ బావ

మా బావ పోయాడని మొన్న మంగళవారం మధ్యాహ్నం కబురొచ్చింది. మంగళవారం అంటే నేను ఎప్పుడూ మాపటి బస్సుకు ఆయన దగ్గరికి పోయే రోజే. జనగామలో దొరికిన బస్సెక్కి దేవరుప్పుల అవతల ఆయన ఊరు చేరేసరికి అరుగు నిండా మనుషులు. గూడూరులో ఉండే మా మేనమామ కొడుకు గొంతు అందరికంటే పైన వినపడుతోంది.

"కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. ఇంత గూడ నొప్పి తెల్వలే. పుణ్యాత్ముడు."

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. బావకు నొప్పి తెలియకపోవడం పుణ్యం కాదు, రోగం. ఇన్నేళ్లయినా వీళ్లకు ఆ తేడా తెలియలేదు. శవం ముందు కొట్లాట ఎందుకని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

బావ అంటే మా అక్క పెనిమిటి. నా భార్య పోయాక నేను మనసు విప్పి మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. చదివిన ప్రతి పుస్తకం ఆయనకు అప్పజెప్పేవాణ్ణి. అంతా విని, "గన్ని సదివినవ్, నీ మొఖంల ఇంత నవ్వు పుట్టకపాయె గదర బామ్మర్ది" అనేవాడు.

అరవై తొమ్మిది ఉద్యమం రోజుల్లో ఆయన పల్లికాయ అమ్మడానికి జనగామ మార్కెట్టుకు పోయాడు. ఊరేగింపు మీద లాఠీలు లేస్తే జనంతో పాటు తానూ ఉరికాడు. ఇంటికొచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు, అరికాలిలో సీసపెంకు దిగి ఉంది. గడపలో నెత్తురు చూసి అక్క మొత్తుకుంది.

"కాలి చెప్పు ఏదయ్యా?"

"ఉన్నది గద" అంటూ వంగి, ఒట్టి కాలు చూసుకుని బిత్తరపోయాడు.

ఊరు దాన్ని ధైర్యం అనుకుంది. పదవి దొరకగానే తెలంగాణ మాటే మరిచిన పెద్దమనిషి ఒకాయన అప్పుడు ఆ కాలు మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. చెప్పు జారితే తెలియనిది ఏం కాలు అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అప్పటికే ఆయనకు పడుకుంటే కాళ్లలో చీమలు పారినట్టు, కారం పూసినట్టు ఉండేది. ఊళ్లో సూదులేసే డాక్టరు నరాల బలహీనత అని బలం సూదులు పొడిచాడు. కొన్నాళ్లకు మంట తగ్గింది. "చూసినవా నా సూది!" అన్నాడు ఆ మహానుభావుడు. మంట తగ్గింది నరాలు బాగుపడి కాదు, చచ్చిపోయి.

కొన్నేళ్లు గడిచాక ఒక ఏడు పీర్ల పండుగ వచ్చింది. మొక్కు ఉండి బావ ఏటా పీరు ఎత్తేవాడు. పీర్లను నిలిపే కొట్టం ముందు గుండంలో కట్టెలు కాలి నిప్పులయ్యాక, పీరెత్తినవాళ్లు వాటి మీదుగా గబగబా దాటుతారు. ఆ ఏడు బావ నడిమధ్యన ఆగిపోయాడు. పొలం గట్టు మీద నిలబడ్డట్టు నింపాదిగా నిలబడ్డాడు. డప్పులు రెచ్చిపోయాయి. బయటికి రాగానే జనం కాళ్ల మీద పడ్డారు. మా మేనమామ కొడుకైతే ఆయన పాదాల బూడిద తీసి నుదుట పెట్టుకున్నాడు.

పీర్ల కొట్టం చూసుకునే ముసలి సాయిబు ఒక్కడే బావ రెక్క పట్టి పక్కకు గుంజాడు.

"నిప్పుల మీద ఉరుకుతరు పటేలా, నిలబడరు. సురుక్కుమనలేదా?"

"లేదు సాయిబూ."

"అయితే గిది పీరు మైమ గాదు. దవాఖానకు పో."

ఆ మాట ఎవరు వింటారు! పండుగ పోయిన వారంలోనే కాలు పగిలి చీము పట్టింది. బూడిద పెట్టుకున్న మేనమామ కొడుకే, "ఏదో తప్పు చేసే ఉంటడు, లేకుంటే పీరుకు కోపమెందుకొస్తది" అన్నాడు. ఇంకొందరు పెద్దరోగం, కుష్టు అన్నారు. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. బావ ఒకనాడు నవ్వుతూనే అన్నాడు: "నిన్న నా కాళ్లు మొక్కిండ్రు, గిప్పుడు నా చెంబు ముడుతలేరు. కాలు గదే గదరా!"

నేను వరంగల్ తీసుకుపోయాను. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని గుండుసూదితో పాదం మీద గుచ్చి, ఎక్కడ గుచ్చానో చెప్పమంది.

"ఇంకా గుచ్చలేవు గద బిడ్డా" అన్నాడు బావ. అప్పటికి ఆమె సూది పాదమంతా తిరిగొచ్చింది.

షుగరు అని తేలింది. కాళ్ల చివరిదాకా పోయే నరాలు అన్నిటికంటే పొడుగైనవి గనుక ముందు అవే చెడతాయని, మంటా తిమ్మిరీ మొదలైనప్పుడే వచ్చి ఉంటే చాలావరకు ఆపగలిగేవాళ్లమని చెప్పింది. "పోయింది నేను తెచ్చియ్యలేను, ఉన్నది కాపాడుకుందాం" అంది. పాదం ముందు సగం తీసేశారు. పంపేటప్పుడు ఇంకో మాట చెప్పింది. గుండెకు పోయే నరాలు కూడా ఇట్లాగే మొద్దుబారవచ్చు, గుండెనొప్పి వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. ఊరికే చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే దవాఖానకు రావాలి.

అప్పటి నుంచి ఆ ఇంట్లో పద్ధతులు మారాయి. చెప్పులకు వెనక పట్టీలు వచ్చాయి. బావ తొడుక్కునే ముందు అక్క వాటిని గడపకు కొట్టి, లోపల చెయ్యి పెట్టి తడిమేది. పొద్దుగూకే ముందు ఆయన చేతి అద్దంలో అరికాలు చూసుకునేవాడు. ఎవరైనా తిమ్మిరి అంటే చాలు, పట్టుకుని, దవాఖానకు పోయేదాకా వదిలేవాడు కాదు. "నొప్పి కావలి కుక్కరా. అది మొరుగుతలేదంటే దొంగలు లేరని గాదు."

మేమిద్దరం పచ్చీసు ఆడుకునేవాళ్లం. ఒకసారి ఆయన గవ్వలు వేస్తే ఒకటి తక్కువ పడింది.

"దొంగాట బావా! గవ్వ దాస్తున్నవ్."

"నీ అసోంటి దొంగను గాదురా" అని చెయ్యి చాపి చూపించాడు. గవ్వ ఆయన వేళ్ల సందులోనే ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. రోగం చేతులకెక్కింది. ఆయనే ముందు తేరుకుని, "నీ ఆట" అన్నాడు.

మొన్న పొద్దుటి నుంచీ ఆయనకు చెమటలు పట్టాయట, ఆయాసం వచ్చిందట. అక్కకు డాక్టరమ్మ మాట గుర్తుంది. దవాఖానకు పోదామని పోరింది. చుట్టపుచూపుగా వచ్చి అరుగు మీద కూర్చున్న మేనమామ కొడుకు, "నొప్పే లేదంటుండు, దవాఖాన ఎందుకక్కా? ఎండ గిది. మజ్జిగ తాపు" అన్నాడట. నలుగురూ ఔనన్నారట. "పరేషాన్ గాకు, మాపటికి బామ్మర్ది వస్తడు గద, తీస్కపోతడు" అని బావ కుర్చీలో వాలాడు. మధ్యాహ్నానికి పుణ్యాత్ముడయ్యాడు.

ఇప్పుడు నా గదిలో పుస్తకాలు చాలా ఉన్నాయి. చదివి ఎవరికి చెప్పాలో తెలియదు.

మూడోనాడు నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. పొద్దున్నే అక్క బయటికొచ్చింది. గోడ వారన ఉన్న బావ చెప్పులు తీసి గడపకు కొట్టింది. లోపల చెయ్యి పెట్టి చివరిదాకా తడిమింది. ఏదో చేతికి తగిలితే తీసి వాకిట్లో పారేసి, చెప్పులు మళ్లీ జతగా పెట్టింది. అప్పుడు నన్ను చూసింది.

"చిన్న రాయి ఉండె తమ్మి" అంది. "ఆయినకు తెల్వది గద."