మావయ్య ఇచ్చిన ట్యూబు

నేను దివిసీమలో ఆశా కార్యకర్తను. రెండేళ్ల క్రితం చర్మవ్యాధుల మీద శిక్షణ ఇస్తామంటే మచిలీపట్నం వెళ్లాను. డాక్టరమ్మగారు తెర మీద ఒక ట్యూబు బొమ్మ చూపించి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. తామరకు రాస్తే ముందు దురద తగ్గుతుంది, తర్వాత ఒళ్లంతా పాకుతుంది" అన్నారు.

మా ఊరి మందుల షాపాయనను చుట్టరికం లేకపోయినా మావయ్యా అని పిలుస్తాను. మా అమ్మాయి తామరకు ఏడాదిగా ఆయన ఇస్తున్నది అదే ట్యూబు. ఆయన్ని నమ్మి పది ఇళ్లవాళ్లకు నేనే చెప్పాను కూడా.

బస్సు దిగి నేరుగా షాపుకే వెళ్లాను.

"ఇది రాయకూడదని మీకు తెలుసా మావయ్యా?"

"తెలుసమ్మా. దురద వెంటనే తగ్గకపోతే మళ్లీ నా షాపుకి ఎవరొస్తారు?"

"మా పిల్లక్కూడానా?"

ఆయన మరొకరి చీటీ అందుకున్నారు.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, "నేను తప్పు చెప్పాను, అది మానేసి ఆసుపత్రికి రండి" అని బతిమాలాను. ఒకావిడ నా మొహంలోకి చూసి, "నిన్ను నమ్మాం కదమ్మా" అంది.

మా అమ్మాయికి నాలుగు నెలల్లో నయమైంది. "నిన్ను నమ్మాం కదా" అని మావయ్యను అనలేకపోయిన ఆ మాట నేనే పడ్డాను. అదే ఇంకా మానలేదు.