మోటారు తాళం, నీళ్ళ పైపు

టైపింగ్‌లో తప్పులుంటే మన్నించండి. ఈ రోజు కొండపల్లిలో మా చెల్లి సీమంతం. పొద్దున్నే మా ఆయన ఆఫీసు సర్వర్ మొరాయించింది, ప్రయాణం ఆగింది.

"రెండు ప్రోగ్రాములకీ లాగ్ టేబుళ్ళు, అంటే లెక్కలు నమోదయ్యే పట్టికలు, రెండూ కావాలే. చెరొకటి పట్టుకుని, రెండోదాని కోసం కూర్చున్నాయి. ఏదీ వదలదు," అన్నారు.

"కింద వాటా అక్కకీ నాకూ ఇంతేగా అండీ! నీళ్ళు పట్టాలంటే రెండూ కావాలి, ఆవిడేమో మోటారు తాళం, నేనేమో పైపు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎవరైనా ముందు తాళం, ఆ తర్వాతే పైపు తీసుకోవాలని అనుకున్నాం, గొడవ పోయింది," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూసి, రెండింటికీ అదే వరస పెట్టారు. సర్వర్ కదిలింది. వెంటనే మేనేజరుకి ఫోన్ చేసి, "నాకే తట్టింది సార్!" అన్నారు.

అప్పటికే అక్కడ చెల్లికి గాజులు తొడగడం అయిపోయింది. మీకైతే ఒళ్ళు మండదూ? త్వరగా చెప్పండి, ఆయన చూడకముందే ఈ పోస్టు తీసేయాలి.