వెర్లీన్ అమ్మమ్మ కట్టిన తెల్లగుడ్డ

కాలిఫోర్నియా అడవుల్లో ఏ చెట్టు అంటుకోవాలన్నా ముందు మా అమ్మమ్మ వెర్లీన్ ముక్కు దగ్గర అనుమతి తీసుకోవాలి. కొండ మీద పొగను కనిపెట్టే కెమెరాలైనా, నీళ్ళు చల్లే హెలికాప్టర్లైనా ఆమె తుమ్మాకే కదులుతాయి. ఇది అబద్ధమని నిరూపించినవాళ్ళు మా లోయలో లేరు. ఆమెతో వాదనకు దిగి నెగ్గినవాళ్ళే లేరు మరి.

కొండగడ్డి ఎండి పసుపుబారిందంటే చాలు, అమ్మమ్మ దుర్భిణి పట్టుకుని వరండాలో కూర్చుంటుంది. ఆమె దృష్టిలో ప్రతివాడూ నిప్పు పెట్టేవాడే. ట్రైలరు గొలుసును నిప్పురవ్వలు రేగేలా రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయేవాడు, ఎండెక్కాక మిషనుతో గడ్డి కోసేవాడు, ఏటి ఒడ్డున గుడారం వేసినవాడు. ఒకసారి పాస్టరుగారు పెరట్లో మాంసం కాల్చుకుంటే, బొగ్గులు చల్లారేదాకా ఆయన నెత్తిమీదే నిలబడింది. అందరికంటే ఎక్కువ అనుమానం మాత్రం పక్కింటి ఓర్వల్ మీద. కిందటేడు అందరూ మంటలకు భయపడి ఊరు ఖాళీ చేసినప్పుడు పాస్టరుగారి జనరేటరు మాయమైంది. దొంగ దొరకలేదు. అమ్మమ్మకు మాత్రం పేరుతో సహా తెలుసు.

ఈ ఆగస్టులో ఉత్తరపు గుట్ట వెనక పొగ లేచింది. మధ్యాహ్నానికల్లా ఊరు ఖాళీ చేయించడానికి షెరీఫ్ పోలీసు బండేసుకుని వచ్చాడు.

"అమ్మా, బయల్దేరండి. వెళ్ళేటప్పుడు గేటుకు తెల్లగుడ్డ కట్టండి. గుడ్డ కనబడితే లోపల ఎవరూ లేరని మాకు తెలుస్తుంది, ఆగి వెతుక్కోం."

"మీకేనా తెలిసేది? దొంగవెధవలకు తెలీదూ?"

"మీకు దండం పెడతాను, కట్టండమ్మా," అని అతను పక్కింటికి పరుగెత్తాడు.

అమ్మమ్మ బుర్రలో ఉపాయం మెరిసింది. ఉతికిన దిండుగలీబు గేటుకు కట్టింది. ట్రక్కును కొట్టంలో దాచింది. ఫోను ఆపేసి, ఇనుప పెనం చేతపట్టుకుని వంటింట్లో నక్కింది. ఇల్లు ఖాళీ అనుకుని ఓర్వల్ రాకపోడు, తన చేతికి చిక్కకపోడు.

గాలి ఇటు మళ్ళింది. షెరీఫ్ బండి తిరిగొచ్చి, గేటు దగ్గర నెమ్మదించి, గుడ్డ చూసి వెళ్ళిపోయింది. ఆ వెనకే వచ్చిన ఫైరింజనూ ఆగలేదు. 'పోండి పోండి, దొంగకు ధైర్యమొస్తుంది,' అని ఆమె తెర చాటున నవ్వుకుంది.

కాసేపటికి ఆకాశం నారింజరంగుకు తిరిగింది. కిటికీ మీద బూడిద రాలసాగింది. ఎగిరొచ్చిన నిప్పురవ్వలకు కొట్టం కప్పు అంటుకుంది. ట్రక్కు అందులోనే ఉంది. తాను కట్టిన గుడ్డ దొంగను పిలవడం మాట అటుంచి, కాపాడేవాళ్ళనే వెనక్కి పంపేస్తోందని అమ్మమ్మకు అప్పుడు వెలిగింది. ఇక ఈ ఇంటికి ఎవరూ రారు.

అంతలో వెనక తలుపు తెరుచుకుంది. అమ్మమ్మ ఉన్న బలమంతా పెట్టి పెనంతో ఒక్కటి బాదింది.

"చచ్చాన్రో! వెర్లీన్, నేను! ఓర్వల్‌ని!"

"నువ్వేనని తెలిసే కొట్టా! జనరేటరు ఎక్కడ దాచావు?"

"ఏం జనరేటరే తల్లీ! అవతల నీ కొట్టం తగలబడుతోంది, నడువు!"

"నేనిక్కడ ఉన్నానని నీకెవరు చెప్పారు? గేటుకు గుడ్డ కట్టానుగా!"

"అందుకే వచ్చా! పుట్టి బుద్ధెరిగాక షెరీఫ్ మాట ఒక్కటైనా విన్నావా నువ్వు? నీ గేటుకు గుడ్డ వేలాడుతోందంటే ఏదో తేడా ఉందనుకున్నా."

పొగలో దగ్గుకుంటూ ఇద్దరూ ఓర్వల్ బండిలో లోయ దాటారు. దారి పొడుగునా ఆయన భుజం పట్టుకుని మూలుగుతూనే ఉన్నాడు, అమ్మమ్మ పెనం వదల్లేదు. కొట్టం, ట్రక్కు బూడిదయ్యాయి. ఇల్లు ఒక పక్క మాడి నిలబడింది. తిరిగొచ్చిన వారానికి అమ్మమ్మ ఓర్వల్‌కు పీచ్ పండ్లు పెట్టి 'పై' అనే తీపి రొట్టె చేసి పంపింది. గిన్నె తిరిగొచ్చేదాకా రోజూ అడిగి చంపింది.

ఇదంతా చదివి వినిపించి, "చివర్లో ఓర్వల్ మంచివాడని రాసెయ్యనా అమ్మమ్మా?" అని నేను అడిగాను.

"వెనక తలుపుకు గడియ నా చేత్తో నేనే వేశాను. చప్పుడన్నా లేకుండా వాడెలా తీశాడో ముందు అది కనుక్కునిరా. రాతలు తర్వాత," అంది అమ్మమ్మ.