పక్కింటి మంచినీళ్లు

నా చిన్నప్పుడు మేము నారాయణగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఒక ఎండాకాలం మా బాపు అశోక్‌నగర్‌లో ఒక ఇల్లు చూసి మురిసిపోయాడు. కొత్తగా సున్నం వేసిన గోడలు, వెనక జామచెట్టు. మర్నాడే బయానా ఇచ్చేస్తానన్నాడు. కూడబెట్టిందంతా దానికే పోతుంది, ఇంకో ఇల్లు కొనే శక్తి మాకు మళ్లీ రాదు. తను చూడనిదే పైసా కదలొద్దని మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఆ ఇంట్లో ఆమె గోడల వంక కూడా సరిగ్గా చూడలేదు. బయటికొచ్చి పక్కింటి గడప దగ్గర ఆగి, "దూప అయితందని చెప్పు" అని నా చెవిలో అన్నది. నాకు దాహమే లేదు. అబద్ధమాడితే వీపు పగలగొట్టే మనిషి తానే ఆడమంటుంటే బిత్తరపోయాను. అయినా చెప్పాను.

పక్కింటావిడ పాపమని వంటింట్లోకి పిలిచి చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగేదాకా మా నాయనమ్మ ఎండల గురించి, కూరగాయల ధరల గురించి మాట్లాడుతూనే ఉంది. చెంబు ఖాళీ అయితే ఇంకోటి అడగమని గిల్లింది. గల్లీ చివరికి వచ్చాక అప్పుడడిగింది.

"బియ్యం డబ్బా ఏడ వెట్టిన్రో చూసినవా?"

చూశాను. నా తలకంటే ఎత్తున, పై అరలో. కింది అరలు రెండూ ఖాళీ.

"గంత బరువు డబ్బా ఊకెనే మీదికెక్కిస్తరా బిడ్డా? ఈ గల్లీల వానకు నీళ్లొస్తయి."

ఇంటికొచ్చాక నాయనమ్మ బాపుతో ఆ మాట అనలేదు. బయానా వానలు పడ్డాక ఇద్దువులే అన్నది. ఇల్లు చేజారిపోతుందని ఆయన చాలా రోజులు ముఖం ముడుచుకున్నాడు. మృగశిర వానకు తనే పోయి చూసి, మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. నెయ్యి చుక్కలు చుక్కలుగా వేసే మా నాయనమ్మ ఆ పూట ఆయన అన్నంలో ఇంకో గరిటె వేసింది. మరుసటేడు చిక్కడపల్లిలో, నేను ఇప్పటికీ ఉంటున్న ఈ ఇల్లు కొన్నాం.

మొన్న మా మనవరాలు అమెరికా నడిమధ్యలో ఏదో చిన్న ఊళ్లో ఇల్లు కొంటున్నానని ఫోనులో చూపించింది. నేల కింద కూడా ఒక గది, దానికి కొత్తగా తెల్లరంగు. పక్కింటికి పోయి మంచినీళ్లు అడగమన్నాను.

"ఈడ గట్ల అడుగరు అమ్మమ్మా" అని నవ్వింది. నేను నవ్వలేదు.

రెండు రోజులకు తనే ఫోన్ చేసింది. పక్కింటి ముసలావిడ నీళ్లిచ్చి, సంబరంగా ఇల్లంతా తిప్పి చూపించిందట. కింది గదిలో బట్టలుతికే మిషను ఇటుకల మీద నిలబెట్టి ఉందట. ఇప్పుడు అదే ఊళ్లో మెట్టమీద ఇంకో ఇల్లు చూస్తున్నది.

నేను బడికి పోయింది మూడేళ్లే. అక్కడ నేర్చుకున్నది చాలావరకు మరిచిపోయాను. మా బియ్యం డబ్బా మాత్రం ఈ రోజుకీ వంటింట్లో నేల మీదే ఉంది. వంగలేకపోతున్నారు, పైన పెడదామని కోడలు ఎన్నిసార్లు అన్నా కదలనివ్వలేదు.