నాలుగో అంతస్తు, పగలు ఖాళీ

తొమ్మిదేళ్లుగా నన్ను అందరూ మంచిదాన్నంటున్నారు. నేను మోయలేకపోతున్నది ఆ మాటనే. తిట్టయితే ఏనాడో దులిపేసుకునేదాన్ని. నా నోటికి జడిసి మా వీధిలో నన్నెవరూ తిట్టరు గాని, తిట్లంటే నాకు భయం లేదు. పొగడ్త అలా కాదు. అది మనది కానప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఎవరికివ్వాలి? ఎలా ఇవ్వాలి? తొమ్మిదేళ్లు దాన్ని చేతిలో పట్టుకుని తిరిగాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలో ఉంటాననీ, యాభై దాటాయనీ, ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతాననీ తెలిస్తే చాలు.

మాది ఆరంతస్తుల పాత మేడ. అందరికీ ఒకటే మెట్ల దారి, అది నిచ్చెన కంటే కాస్త నయం. నేనుండేది మొదటి అంతస్తు. ఎండాకాలం వస్తే నిప్పు భయానికి ప్రతి గుమ్మం ముందూ నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచులూ, ఇసుక సంచులూ, అంటుకున్నదాన్ని లాగేయడానికి ఒక పొడుగాటి ఇనప కొక్కెమూ ఉండాలని పేట ఆఫీసు వాళ్ల నియమం. తనిఖీకి వస్తారని తెలిసిన రోజు అందరి సంచులూ నిండుగా ఉంటాయి. తర్వాత వాటిలో దోమలు గుడ్లు పెడతాయి. మా జాగ్రత్తలు ఆ మాత్రమే.

తొమ్మిదేళ్ల కిందట ఇద్దరు నిపుణులు మా గుడి హాలుకు ఆదివారాలు రావడం మొదలుపెట్టారు. ఒకరు ఊ టిన్, అగ్నిమాపక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రెండో ఆమె మా ఖిన్, చిన్న వయసు ఇంజినీరు. ఊ, మా అన్నవి ఇక్కడ పేరుకు ముందు పెట్టే మర్యాదలు. నిప్పంటుకుంటే ఏం చేయాలి, భూమి కదిలితే ఎక్కడ నిలబడాలి, ఇల్లు వదలాల్సొస్తే చేతికి ఏ సంచి అందాలి, ఇవన్నీ బర్మాలో ఓపిగ్గా చెప్పేవారు. నది అవతలి దలా నుంచి వచ్చే ముసలమ్మలకు నేను తెలుగులో చెప్పేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటే కదా అంటే, ఊ టిన్ ఆ సామెత అర్థం చెప్పించుకుని చాలాసేపు నవ్వాడు.

ప్రతి మెట్ల దారికీ ఒక బాధ్యుణ్ణి పెట్టారు. మా మెట్లకు నేను. నా గొంతు పెద్దది, నా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఏ అంతస్తులో ఎందరుంటారు, పగలెందరు, రాత్రెందరు, ఎవరు సొంతంగా దిగలేరు, ఇదంతా ఒక కాగితం మీద రాసి మెట్ల మొదట్లో అతికించాలి. నిప్పార్పేవాళ్లు వచ్చినప్పుడు ముందు చదివేది దాన్నే.

ఊ టిన్ ఒక ప్రశ్న మాత్రం విడిగా అడిగాడు. "ఇంట్లో మనిషిని ఉంచి, బయట తాళం వేసి పనికి పోయేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అది నేరమని నేననను. నాకు తెలియాలి, అంతే."

నాకు తెలుసు. నాలుగో అంతస్తులో అప్పలమ్మత్త ఉంది. ముప్ఫై ఏళ్లు రేవు దగ్గర దోసెలు పోసి అమ్మిన మనిషి, ఒంట్లో సత్తువ ఉంది గాని జ్ఞాపకం పోయింది. రెండుసార్లు మేడ దిగిపోయి, దలా పడవెక్కి, చిన్నప్పటి ఇల్లు వెతుక్కుంటూ తిరిగింది. కూతురు సింహాచలం ఇన్సేన్ దాటి ఎక్కడో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. అల్లుడు లారీ మీద పోతాడు. పొద్దున్న ఇద్దరూ బయల్దేరేటప్పుడు ఇనప జాలీ తలుపు మూసి తాళం వేస్తారు. వేరే దారి ఉందా? నన్నడిగితే నేనూ చెప్పలేను.

కాగితం రాయడానికి కూర్చునే ముందు రోజు సింహాచలం మెట్ల మీద నన్ను ఆపింది.

"వొదినా, అమ్మ పేరు ఆ కాయితం మీద రాయకు. రెండో అంతస్తు ఓనరు సూస్తే ఇల్లు కాళీ సెయ్యమంటాడు. మొన్న గేసు ఇప్పి వొగ్గీసిందని అప్పుడే ఓ మాటన్నాడు."

"మరి ఏటైనా అయితే ఏటి సేస్తావే?"

"రెండో తాళంసెవి నీకాడ ఉంచుతాను. నువ్వుండగా నాకు బయమేటి?"

ఆ ఆఖరి మాటకి పొంగిపోయాను. నిజం చెప్పాలంటే జాలి కంటే అదే ఎక్కువ పనిచేసింది. తాళంచెవి తీసుకుని, ఇల్లు వదలాల్సొస్తే ఎత్తుకుపోయే సంచిలో వేశాను. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: నాలుగో అంతస్తు, ముగ్గురు, పగలు ఖాళీ. కింద సంతకం పెట్టాను.

మరుసటి ఆదివారం మా ఖిన్ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంది, వీధి మొత్తానికి మీదే బాగుందంది. ఊ టిన్ అందరి ముందూ మళ్లీ అడిగాడు. మీ మెట్లలో తాళం వెనక ఎవరూ లేరా? లేరన్నాను. తర్వాత తెలిసింది, ఇలాంటి ఇళ్లకు వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉందట. గోడ మీద అతికించే కాగితంలో ఏమీ రాయకుండా, నిప్పార్పేవాళ్ల దగ్గరుండే కాపీలో మాత్రం ఒక ఎర్ర చుక్క పెడతారు. పక్కకి పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. అడిగితే నా కాగితంలో లోపముందని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే అడగలేదు.

అది జరిగిన రోజు మంచి ఎండ. పోయిన కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. వచ్చిన కాసేపటికి రెండో అంతస్తులో, ఆ ఓనరు ఇంట్లోనే, బ్యాటరీ దగ్గర అంటుకుంది. నల్లటి పొగ మెట్ల దారి పట్టుకుని పైకి పోతోంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాను. తడి తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాను, సంచి భుజాన వేసుకున్నాను, అరుస్తూ దిగాను. రెండూ మూడూ అంతస్తుల వాళ్లూ, ఐదూ ఆరూ వాళ్లూ నా వెనకే పరుగెత్తుకొచ్చారు. నాలుగో గుమ్మానికి తాళం చూసి అక్కడెవరూ ఆగలేదట. వీధిలో నిలబడి తలలు లెక్కపెట్టాను. అంతవరకూ నాకు వంక పెట్టలేరు.

ఫైరింజను కంటే ముందు పేట వాలంటీర్లు వచ్చారు. వాళ్ల నాయకుడు గోడ మీద కాగితం చదివి నా వైపు తిరిగాడు.

"నాలుగో అంతస్తు పగలు ఖాళీ అని ఉంది. నిజమేనా, ఆంటీ?"

"నిజమే," అన్నాను.

తాళంచెవి నా సంచిలో ఉంది. అప్పలమ్మత్త పైన ఉందని నాకు తెలుసు. మరిచిపోలేదు. కంగారులో నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకోవాలని చూశాను, కుదరలేదు, ఎందుకంటే ఆ క్షణంలో నా బుర్రలో వచ్చిన ఆలోచన నాకు పూర్తిగా గుర్తుంది: ఉందంటే, కాగితం అబద్ధమని అందరికీ తెలిసిపోతుంది. అంతే. ఒక మనిషి ప్రాణానికీ ఒక కాగితం మర్యాదకీ మధ్య నిలబడి నేను కాగితం వైపు మాట్లాడాను. ఇంకో నిమిషంలో చెబుదాం, ముందు రెండో అంతస్తు ఆర్పనీ అనుకున్నానా? అనుకునే ఉంటాను. మనసుకి సర్దిచెప్పుకోవడానికి సాకులు ఎప్పుడూ తయారుగానే ఉంటాయి. వాలంటీర్లు రెండో అంతస్తు దగ్గరే ఆగి నీళ్లు కొడుతున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను.

మా ఊళ్లో మేడల మీది నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి, చివర ఒక క్లిప్పుతో. పేపరైనా కూరలైనా దానికి తగిలిస్తే పైనున్నవాళ్లు లాక్కుంటారు. నాలుగో అంతస్తు తాడు కదిలింది. పైకి పోయి, మెల్లగా మళ్లీ కిందికి దిగింది. క్లిప్పుకి ఖాళీ గుడ్డ సంచి ఉంది. వీధిలో గోల విని కూరల బండి వచ్చిందనుకుంది కాబోలు.

టీ కొట్టాయన అది చూసి కేక వేశాడు. అప్పుడు నేనూ అరిచాను. పైన మనిషి ఉంది, తాళంచెవి ఇదిగో! నా అంత గట్టిగా ఆ వీధిలో ఎవరూ అరవలేదు. ఒక కుర్రాడు నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని పొగలోకి పరుగెత్తాడు. అత్తను తడి దుప్పట్లో చుట్టి దింపారు. ఊపిరి ఉంది.

నలభై రోజులు బతికింది. దగ్గు తగ్గలేదు. పొగ చాలా లోపలికి పోయింది, వయసు కూడా పైబడిందని డాక్టరు అన్నాడు. నేను చెప్పి ఉంటే బతికేదా? తెలియదు. చెప్పినా పోయేదేమో. ఆ 'ఏమో' పట్టుకుని నేను ఎన్నో రోజులు నిద్రపోగలిగాను, అదీ దాచను.

ముందుగా "నిజమే" అన్న నా మాట విన్నది ఆ వాలంటీరు నాయకుడొక్కడే. ఆ గోలలో అతను ఏమనుకున్నాడో, ఎన్నడూ ఎత్తలేదు. తర్వాత ఊరు విడిచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లందరూ చూసింది నా చేతిలో సిద్ధంగా ఉన్న తాళంచెవినే. సింహాచలం నా కాళ్ల మీద పడింది. "ఆ నలబై రోజులూ నువ్విచ్చినవే వొదినా," అంది. తల్లి తద్దినం నాడు ఇప్పటికీ మొదటి విస్తరి నాకే వేస్తుంది. తింటాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, పులుసు బాగుందని చెప్పి తింటాను.

ఊ టిన్ నన్ను కూర్చోబెట్టి అంతా అడిగి రాసుకున్నాడు. అడిగిన వెంటనే చెప్పానన్నాను. దాన్ని బట్టి ఒక పద్ధతి తయారైంది. నిప్పార్పేవాళ్ల కాపీలో ఎర్ర చుక్కంటే జనానికి భయం. అందుకని ఇంటివాళ్లకు ఇష్టం లేకపోతే ఎక్కడా రాయకండి, రెండో తాళంచెవి నమ్మకమైన పొరుగువాళ్ల దగ్గర ఉంచండి అని వాళ్ల పుస్తకంలో ఒక పేజీ వేశారు. ఉదాహరణ మా మెట్లు. నన్ను పేటపేటకీ తీసుకెళ్లి మైకు ఇచ్చేవారు. నేనూ వెళ్లేదాన్ని. చప్పట్లు కొట్టేవారు.

పోయిన నెల దలాలో మీటింగు. ఒక కోడలు లేచి, "మా అత్తని తాళమేసే పనికెల్తాం. మరైతే రాయక్కర్నేదా అమ్మా?" అనడిగింది. ఊ టిన్ నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించాడు. నేను జవాబు చెప్పాను. రాయక్కర్లేదమ్మా, నమ్మకమైన మనిషికి తాళంచెవి ఇవ్వు చాలు.

ఆమె తేలికపడి కూర్చుంది. ఆమె నమ్మే మనిషి ఎవరు? నాలాంటిదే అయితే?

తిరుగు పడవలో రద్దీ తక్కువగా ఉంది. ఊ టిన్ పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆ రోజు నేను వెంటనే చెప్పలేదు. అడిగితే ఎవరూ లేరన్నాను."

ఆయన జేబులోంచి కలం తీశాడు.

"ఎంతసేపు?"

"గడియారం చూడలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసేంతసేపు."

"ఆ తాడు కదలకపోతే చెప్పేవారా?"

"తెలియదు."

అదీ రాసుకున్నాడు, తెలియదని. కోప్పడలేదు, ఓదార్చలేదు. దలా ఆవిడ నంబరు కోసం అక్కడి పేట వాలంటీరుకి పడవలోంచే ఫోన్ చేశాడు. ఆ పేజీ తీసేయిస్తానన్నాడు. రేవులో దిగేటప్పుడు మాత్రం, "కూతురికి తెలుసా?" అనడిగాడు. లేదన్నాను. తల ఊపి, బస్సు కోసం వెళ్లిపోయాడు. ఆయన చేయాల్సిన పని ఆయన చేశాడు. నాది మిగిలింది.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. పైన మనిషి ఉందని నాకు తెలుసు. అడిగారు. లేదన్నాను. ఇంత చిన్న వాక్యాలు రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. రాశాక గుండెల మీంచి ఏదో కొంచెం జరిగినట్టే ఉంది, అబద్ధమెందుకు.

ఇంకొక్కటుంది. ఇక్కడ మనవాళ్లు తెలుగు మాట్లాడతారు గాని చదవడం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. నాకు మా నాన్న పట్టుబట్టి నేర్పాడు. సింహాచలం బర్మా చదువుతుంది, తెలుగు ఒక్క అక్షరం రాదు. నాకు బర్మా ఇంతకంటే బాగా వచ్చు. అయినా ఇదంతా తెలుగులోనే రాశాను. ఎందుకో నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు.